విపత్తును పసిగట్టే యంత్రాలు మనకిచ్చే టైమ్ ఎంత?

పెద్ద భూకంపమో వరదో వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న వినిపిస్తుంది: "ఇంత టెక్నాలజీ ఉంది కదా, ముందే ఎందుకు చెప్పలేకపోయారు?" అడగాల్సిన ప్రశ్నే. కానీ అందులో మూడు ప్రశ్నలు కలగలిసిపోయి ఉన్నాయి. రాబోయేదాన్ని ముందే చెప్పగలమా? మొదలైపోయినదాన్ని వెంటనే పట్టుకోగలమా? అది వస్తే ఎక్కడ, ఎవరికి, ఎంత నష్టమో ముందుగా లెక్కగట్టగలమా? భూకంపం విషయంలో మొదటిది చేతకాదు, రెండోది చేతనవుతుంది, మూడోది చాలావరకు చేతనవుతుంది. తుఫాను విషయంలో మూడూ చేతనవుతాయి. వీటిని విడదీయకుండా మాట్లాడితే సైన్స్ మీద లేనిపోని ఆశలు పెట్టుకుంటాం, లేదంటే ఉండాల్సిన నమ్మకం కూడా పోగొట్టుకుంటాం.

మూడోదానితో మొదలుపెడతాను. టీవీల్లో దాని గురించే అతి తక్కువగా మాట్లాడతారు.

2010 జనవరి 12న హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. నెలన్నర తర్వాత, ఫిబ్రవరి 27న చిలీలో 8.8 తీవ్రతతో ఇంకొకటి. తీవ్రత ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన చిలీ భూకంపం శక్తి హైతీదానికి సుమారు 500 రెట్లు. చిలీలో సునామీతో కలిపి చనిపోయింది 500 మందికి కాస్త పైన. హైతీలో ఎంతమందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు గానీ, చాలా అంచనాలు లక్ష నుంచి 3 లక్షల మధ్య ఉన్నాయి. హైతీ భూకంపం రాజధానికి 25 కిలోమీటర్ల దూరంలోనే, తక్కువ లోతులో వచ్చిన మాట నిజమే. అంతకన్నా పెద్ద కారణం ఇళ్లు. చిలీ 1960లో 9.5 తీవ్రత భూకంపాన్ని చూసిన దేశం. అక్కడ ఇల్లు ఎలా కట్టాలో నిబంధనలున్నాయి, వాటిని పాటిస్తారు. హైతీలో ఇనుము చాలని కాంక్రీట్ స్లాబులు జనం మీద పడ్డాయి.

విపత్తుల మీద పనిచేసేవాళ్లు ముప్పును అంచనా వేసేటప్పుడు మూడు సంగతులు చూస్తారు. ప్రకృతి వైపు నుంచి వచ్చే ఆపద ఎంత, దాని దారిలో ఉన్న మనుషులు, ఇళ్లు, ఆస్తులు ఎన్ని, దెబ్బను తట్టుకునే శక్తి వాటికి ఎంత. ఈ మూడూ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. మనుషులే లేని ఎడారిలో ఎంత పెద్ద భూకంపం వచ్చినా విపత్తు కాదు. బలహీనమైన ఇళ్లున్న నగరం కింద ఓ మోస్తరు కదలికే వేలమందిని తీసుకుపోతుంది.

ఈ లెక్కలో టెక్నాలజీ నిజంగా అక్కరకొస్తుంది. విమానం మీంచి లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుపల్లాలను సెంటీమీటర్లలో కొలుస్తారు. శాటిలైట్ ఫొటోల్లో ఎన్ని ఇళ్లున్నాయో, పైకప్పులు ఎలాంటివో కంప్యూటర్ గుర్తిస్తుంది. ఆ మ్యాప్ మీద వేల ఊహాజనిత తుఫానులను, వరదలను ఒకదాని తర్వాత ఒకటి నడిపించి, ఏ వీధిలో నీళ్లు ఎంత ఎత్తుకు చేరతాయో చూస్తారు. అప్పుడు వచ్చే జవాబు "ఫలానా రోజు వరద వస్తుంది" అని ఉండదు, "ఈ వీధిలోకి ఏటా ఇంత శాతం అవకాశంతో నీళ్లు రావచ్చు" అని ఉంటుంది.

ఇక్కడే చాలామంది తికమకపడే మాట ఒకటి ఉంది: "వందేళ్లకోసారి వచ్చే వరద". నిరుడు వచ్చేసింది కాబట్టి ఇక 99 ఏళ్లు నిశ్చింత అని దానర్థం కాదు. ఏటా 1 శాతం అవకాశం ఉందని అర్థం. నిరుడు వచ్చినా ఈ ఏడు కూడా అదే 1 శాతం. 30 ఏళ్ల అప్పు తీసుకుని అలాంటి చోట ఇల్లు కట్టుకున్నవాళ్లకు, ఆ అప్పు తీరేలోపు ఒక్కసారైనా ఆ వరద చూసే అవకాశం సుమారు 26 శాతం. అంటే నాలుగింట ఒక వంతు. "వందేళ్లు" అన్న మాట వినగానే కలిగే ధైర్యానికీ ఈ 26 శాతానికీ ఎక్కడా పొంతన లేదు. ఆ పదాన్నే వాడకం నుంచి తీసేయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. పైగా ఆ లెక్క పాత రికార్డుల మీద కట్టింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ పట్టుకుంటుంది, వానలు మారుతున్నాయి, కాబట్టి పాత 1 శాతం ఇప్పుడు 1 శాతంగానే ఉందన్న భరోసా లేదు.

సెకన్ల పందెం

ఇక పసిగట్టడం సంగతి. ఒక్కో ఆపదకు ఒక్కో గడియారం ఉంటుంది. అన్నిటికన్నా కఠినమైనది భూకంపానిది.

భూకంపాన్ని ముందే చెప్పడానికి గట్టి ప్రయత్నాలే జరిగాయి. చైనాలోని హైచెంగ్‌లో 1975లో పెద్ద భూకంపానికి ముందు వరసగా చిన్న ప్రకంపనలు రావడంతో జనాన్ని బయటికి పంపారు, ఎన్నో ప్రాణాలు దక్కాయి. మరుసటి ఏడాదే తాంగ్‌షాన్‌లో అలాంటి సూచన ఏదీ లేకుండా భూమి కదిలింది. అధికారిక లెక్కే 2 లక్షల 42 వేల మంది. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అనే చిన్న ఊరి దగ్గర 1857 నుంచి 1966 దాకా సగటున 22 ఏళ్లకోసారి దాదాపు 6 తీవ్రత భూకంపం వచ్చింది. అది చూసి, తర్వాతది 1993 లోపు వస్తుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ చుట్టుపక్కలంతా పరికరాలు పాతి ఎదురుచూశారు. అది 2004 సెప్టెంబరు 28న వచ్చింది. అన్ని పరికరాల నడుమ వచ్చినా, ముందుగా పట్టుకోదగ్గ సంకేతం ఒక్కటీ దొరకలేదు. అందుకే ఎవరైనా తేదీతో సహా భూకంపం చెబుతున్నారంటే ఆ మెసేజ్‌ను నలుగురికీ పంపకండి.

మరి "భూకంప హెచ్చరిక" అని ఫోన్లకు వచ్చేది ఏమిటి? అప్పటికే మొదలైన భూకంపం గురించి, అది మన దగ్గరికి చేరేలోపు వచ్చే కబురు అది. భూమి లోపల రాయి విరిగినప్పుడు రెండు రకాల తరంగాలు ముఖ్యంగా బయల్దేరతాయి. పి తరంగాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వస్తాయి, పెద్దగా నష్టం చేయవు. వెనకాలే వచ్చే ఎస్ తరంగాల వేగం సుమారు మూడున్నర కిలోమీటర్లు, గోడలు కూల్చేవి ఇవే. భూకంప కేంద్రానికి 100 కిలోమీటర్ల దూరంలో మీరున్నారనుకోండి. పి తరంగం 17 సెకన్లకు, ఎస్ తరంగం 29 సెకన్లకు మీ దగ్గరికి వస్తాయి. కేంద్రం పక్కనున్న సెన్సర్ మాత్రం మొదటి ఒకటి రెండు సెకన్లలోనే కదలికను పట్టేస్తుంది. కంప్యూటర్ లెక్కకు కొన్ని సెకన్లు పోయినా, ఆ కబురు కాంతి వేగంతో వస్తుంది కాబట్టి మీకు 15, 20 సెకన్లు మిగులుతాయి. బల్ల కిందికి దూరడానికి, లిఫ్ట్ దగ్గరి అంతస్తులో ఆగి తలుపు తెరవడానికి, సర్జన్ చేతిలోని కత్తి పక్కన పెట్టడానికి అది చాలు. పదో అంతస్తు నుంచి కిందికి దిగడానికి చాలదు.

జపాన్‌లో ఈ వ్యవస్థ 2007 అక్టోబరు నుంచి సాధారణ జనానికీ అందుబాటులో ఉంది. బుల్లెట్ రైళ్లకు సొంత సెన్సర్లు అంతకుముందే ఉన్నాయి. 2011 మార్చి 11న 9.0 తీవ్రత భూకంపం వచ్చినప్పుడు ఆ రైళ్లకు వాటంతటవే బ్రేకులు పడ్డాయి. ప్రయాణికుల్లో ఒక్క ప్రాణమూ పోలేదు. 2020 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లను కూడా సెన్సర్లుగా వాడుకుంటున్నారు. ఫోన్ అడ్డంగా తిప్పితే స్క్రీన్ తిరిగేలా చేసే చిన్న చిప్ ఉంటుంది కదా, టేబుల్ మీద కదలకుండా పెట్టిన ఫోన్‌లో అదే చిప్ నేల కంపనాన్ని పట్టుకుంటుంది. ఒక్క ఫోన్ చెబితే ఎవరూ నమ్మరు. ఒకే ప్రాంతంలో వేల ఫోన్లు ఒక్కసారిగా ఊగితే సర్వర్‌కు సంగతి అర్థమవుతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, దాన్ని ఏ యంత్రమూ దాటలేదు. భూకంప కేంద్రం పైనే ఉన్నవాళ్లకు హెచ్చరిక రాదు, వచ్చినా కుదుపుతో పాటే వస్తుంది. మెక్సికో నగరానికి పసిఫిక్ తీరంలో పుట్టే భూకంపాల గురించి దాదాపు ఒక నిమిషం ముందే సైరన్ మోగుతుంది, తీరం అంత దూరం కాబట్టి. 2017 సెప్టెంబరు 19న ఉదయం ఆ నగరమంతా భూకంప డ్రిల్ చేసింది. 1985లో సరిగ్గా అదే తేదీన వచ్చిన పెద్ద భూకంపం జ్ఞాపకంగా ఏటా చేసేదే. రెండు గంటలు గడిచాక, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, నిజమైన భూకంపం వచ్చింది. ఈసారి కేంద్రం తీరంలో లేదు, చాలా దగ్గర్లో ఉంది. నగరంలో చాలామందికి సైరన్, కుదుపు రెండూ ఒకేసారి తెలిశాయి.

సముద్రం అడుగున చెవి

సునామీకి టైమ్ కాస్త ఎక్కువ. 4,000 మీటర్ల లోతున్న సముద్రంలో సునామీ వేగం గంటకు 700 కిలోమీటర్ల పైనే, జెట్ విమానంతో సమానం. విచిత్రమేమిటంటే అంత వేగంతో పోయే అల నడిసముద్రంలో మూరెడు ఎత్తు కూడా ఉండకపోవచ్చు. పడవలో ఉన్నవాళ్లకు అది కిందనుంచి పోయినట్టే తెలియదు. దాన్ని పట్టడానికి సముద్రం అడుగున ఒక పరికరం పెడతారు. అది చేసేది ఒక్కటే పని, తన మీద ఉన్న నీటి బరువును కొలవడం. 6,000 మీటర్ల నీటి కింద ఉండి కూడా పైన ఒక సెంటీమీటరు నీరు పెరిగితే గుర్తుపడుతుంది. గుర్తుపట్టగానే శబ్ద తరంగాలతో పైన తేలే బోయాకు చెబుతుంది, బోయా శాటిలైట్‌కు, శాటిలైట్ హెచ్చరిక కేంద్రానికి. ఆరు కిలోమీటర్ల నీళ్లలో ఒక్క సెంటీమీటరు! మనిషి చేసిన పరికరాల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే.

2004 డిసెంబరు 26న హిందూ మహాసముద్రంలో అలాంటిది ఒక్కటీ లేదు. సుమత్రా దగ్గర భూమి కదిలాక శ్రీలంక తీరానికి అల చేరడానికి సుమారు రెండు గంటలు పట్టింది. రెండు గంటలు! మొత్తం 2 లక్షల 20 వేలమందికి పైగా పోయారు. కేంద్రానికి బాగా దగ్గర్లోని సిములూ ద్వీపంలో మాత్రం ఏ యంత్రమూ లేకుండానే దాదాపు అందరూ బతికారు. 1907లో వచ్చిన సునామీని అక్కడివాళ్లు 'స్మాంగ్' అన్న పేరుతో తరతరాలుగా పిల్లలకు చెప్పుకుంటూ వచ్చారు. నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కు. అంతే. ఎక్కారు. దాదాపు 78 వేల జనాభాలో చనిపోయింది ఏడుగురు.

ఆ తర్వాత హిందూ మహాసముద్రంలోనూ వ్యవస్థలు వచ్చాయి. అయినా రెండు చిక్కులు మిగిలే ఉన్నాయి. మొదటిది, యంత్రం తాను వెతికేదాన్నే చూస్తుంది. 2018 డిసెంబరు 22 రాత్రి ఇండొనేసియాలో అనాక్ క్రకటౌ అగ్నిపర్వతం పక్క భాగం విరిగి సముద్రంలో పడింది. అందులోంచి సునామీ పుట్టి 400 మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక రాలేదు. వ్యవస్థ మొత్తం భూకంపం కోసం కాచుకుని ఉంది, భూకంపం రాలేదు మరి. పైగా ఆ దేశం అంతకుముందు సముద్రంలో పెట్టిన బోయాలు ఏళ్ల తరబడి పాడైపోయి ఉన్నాయి. కొనేటప్పుడు దొరికినంత డబ్బు మరమ్మతులకు దొరకకపోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన కష్టమే.

రెండోది తొందరలో వేసే లెక్క. 2011లో జపాన్ వాతావరణ సంస్థ భూకంపం వచ్చిన 3 నిమిషాలకే సునామీ హెచ్చరిక ఇచ్చింది. అంత వేగంగా లెక్కేస్తే తీవ్రత 7.9 అని తేలింది. అసలు తీవ్రత 9.0. దాంతో మియాగిలో 6 మీటర్లు, ఇవాతేలో, ఫుకుషిమాలో 3 మీటర్ల అల అని చెప్పారు. 3 మీటర్లే అనుకుని కొందరు ఇళ్లలోనే ఉండిపోయారు. అరగంటలో అంకెలు పెంచారు, కానీ అప్పటికే చాలాచోట్ల కరెంటు పోయింది. తర్వాత ఆ సంస్థ తన పద్ధతే మార్చుకుంది. 8 తీవ్రత దాటేంత పెద్ద భూకంపమని అనుమానం రాగానే, మొదటి హెచ్చరికలో మీటర్ల లెక్క చెప్పదు. "బ్రహ్మాండమైన అల" అనే చెబుతుంది. కచ్చితంగా తెలియనప్పుడు అంకె చెప్పకపోవడమే మేలని ప్రాణాలు పోయాక తెలిసొచ్చింది.

మబ్బుల్లోంచి చూసే కన్ను

వరద వచ్చినప్పుడు ఆకాశం నిండా మబ్బులుంటాయి. మామూలు శాటిలైట్ కెమెరాకు మబ్బులే కనిపిస్తాయి. అందుకే రాడార్ శాటిలైట్లు. ఇవి పైనుంచి రేడియో తరంగాలను పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి బొమ్మ గీస్తాయి. మబ్బైనా చీకటైనా అడ్డు కాదు. గరుకైన నేల తరంగాలను కొంత వెనక్కి పంపుతుంది, కాబట్టి బూడిద రంగులో కనిపిస్తుంది. నిలిచిన నీరు అద్దంలా వాటిని అవతలికి తోసేస్తుంది, ఏమీ వెనక్కి రాదు, కాబట్టి నల్లగా కనిపిస్తుంది. వరదకు ముందు, తర్వాత తీసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే పొలాలున్న చోట నలుపు పరుచుకుని ఉంటుంది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. నగరంలో నీళ్లు చేరితే తరంగం నీటి మీద పడి, అక్కడినుంచి గోడకు తగిలి, నేరుగా శాటిలైట్‌కే తిరిగొస్తుంది. నల్లగా ఉండాల్సిన చోట ఇంకా తెల్లగా మెరుస్తుంది. అందువల్ల జనం ఎక్కువున్న చోటే వరద మ్యాప్ తప్పే అవకాశం ఎక్కువ. ఇంకో సంగతి, ఇలాంటి శాటిలైట్ ఒకే చోటికి మళ్లీ రావడానికి సాధారణంగా 6 నుంచి 12 రోజులు పడుతుంది. మెరుపు వరద ఆరు గంటల్లో వచ్చి పోతుంది. కాబట్టి సహాయ బృందాలకు దారి చూపడానికి, నష్టం లెక్కగట్టడానికి ఇవి బాగా పనికొస్తాయి గానీ, కాపలా కాయడానికి పనికిరావు. ముందుగా చెప్పాలంటే నదుల్లో నీటిమట్టం కొలిచే గేజ్‌లు, వాన రాడార్లు, వాటి మీద నడిచే మోడళ్లు కావాలి. ప్రపంచంలో చాలా నదులకు అసలు గేజ్‌లే లేవు. అలాంటి నదులకు, వేరే నదుల దగ్గర నేర్చుకున్న కృత్రిమ మేధ మోడళ్లతో కొన్ని రోజుల ముందు అంచనా వేసే పని ఈ మధ్య బాగా ముందుకెళ్లింది. అవి గతాన్ని చూసి నేర్చుకున్నవన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు.

రాడార్ అసలు బలం నెమ్మదిగా కదిలేవాటి దగ్గర బయటపడుతుంది. ఒకే కొండను కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చూసి, తిరిగొచ్చిన తరంగాల్లో తేడాను పోలిస్తే, ఆ కొండ సెంటీమీటరు జారినా తెలుస్తుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఈ పనికే పుట్టింది. నాసా, ఇస్రో కలిసి చేసిన ఆ శాటిలైట్ భూమిని 12 రోజులకోసారి చూసొస్తుంది.

అదే ఏడాది మే నెలలో స్విట్జర్లాండ్‌లో బ్లాటెన్ గ్రామం పైనున్న కొండ కదులుతోందని పరికరాలు చూపించాయి. 19న ఊళ్లోని 300 మందిని ఖాళీ చేయించారు. 28న హిమనదం విరిగిపడి ఊరిని దాదాపు మొత్తం కప్పేసింది. ఖాళీ చేసిన ప్రాంతం బయట ఉన్న ఒక్క మనిషి చనిపోయాడు, మిగతా అందరూ బతికారు. ఊరు పోయింది, మనుషులు మిగిలారు. సిక్కింలో ఇలా జరగలేదు. అక్కడి దక్షిణ లొనాక్ హిమ సరస్సు పెరుగుతోందని, గట్టు తెగితే కింద లోయకు ముప్పని శాస్త్రవేత్తలు ముందే రాశారు. 2023 అక్టోబరు 3 అర్ధరాత్రి వేళ అది తెగింది. చుంగ్‌థాంగ్ దగ్గరి 1,200 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్ట కొట్టుకుపోయింది, ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ముప్పు తెలుసు. కింద ఉన్నవాళ్లను లేపే సైరన్‌కు, ఆ తెలిసిన ముప్పుకు మధ్య తీగ అప్పటికి కలపలేదు.

చివరి మైలు

ఇన్ని ఘటనలు చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. ఈ రోజుల్లో చాలా విపత్తుల్లో యంత్రం తన వంతు టైమ్ సంపాదించి పెడుతోంది, ఆ టైమ్ ఆఫీసుల మధ్య, మనుషుల మధ్య ఖర్చయిపోతోంది.

2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వాలెన్సియాలో వాతావరణ శాఖ ఉదయం 7:36కి రెడ్ హెచ్చరిక ఇచ్చింది. జనం ఫోన్లకు అధికారిక అలర్ట్ వచ్చింది రాత్రి 8:11కి. పన్నెండున్నర గంటల తేడా. ఫోన్ మోగేసరికి చాలామంది అప్పటికే నీళ్లలో ఉన్నారు. 220 మందికి పైగా చనిపోయారు. బాగా దెబ్బతిన్న కొన్ని ఊళ్లలో ఆ రోజు వాన పెద్దగా పడనే లేదు, ఎగువన కురిసిన నీరు వాగులోంచి వచ్చి పడింది. కిటికీలోంచి చూస్తే వాన లేదు, ఇక ఏ భయంతో బయల్దేరతారు?

ఫోన్ అలర్ట్ పంపే పద్ధతి కూడా ముఖ్యమే. ఎస్సెమ్మెస్ అయితే ఒక్కో నంబరుకు ఒక్కోటి పోవాలి, అందరూ ఫోన్లు చేస్తున్న వేళ నెట్‌వర్క్ ఇరుక్కుపోతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ రేడియో లాంటిది. టవర్ ఒక్కసారి చెబుతుంది, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి, ఎవరి నంబరూ అక్కర్లేదు, సైలెంట్‌లో ఉన్నా మోగేలా చేయొచ్చు. 2021 జులైలో జర్మనీలో వరదలకు 180 మందికి పైగా చనిపోయినప్పుడు ఆ దేశంలో ఇది లేదు. 2023లో పెట్టారు.

అలాగని అలర్ట్ తొందరగా పంపడమే పరిష్కారమనీ అనలేం. ముప్పు ఎంత దాటితే అలర్ట్ పంపాలో చెప్పే గీత కిందికి దించితే అబద్ధపు హెచ్చరికలు పెరుగుతాయి, నాలుగుసార్లు వట్టిదే అయితే ఐదోసారి జనం కదలరు. పైకి పెంచితే ఒక నిజమైనది తప్పిపోతుంది. గీత ఎక్కడ గీయాలో ఏ కంప్యూటరూ చెప్పదు. అది బాధ్యత తీసుకునే మనిషి చేయాల్సిన పని, "నువ్వు పొరపాటున ఖాళీ చేయించినా నీ ఉద్యోగం పోదు" అన్న భరోసా ఆ మనిషికి ముందే ఉండాలి.

1985లో కొలంబియాలోని నెవాడో దెల్ రూయిజ్ అగ్నిపర్వతం విషయంలో ముప్పు మ్యాప్ నెల ముందే సిద్ధమైంది. బురద ప్రవాహం వస్తే అర్మేరో పట్టణం మునుగుతుందని అందులో స్పష్టంగా ఉంది. నవంబరు 13 రాత్రి 9 దాటాక అగ్నిపర్వతం పేలింది, మంచు కరిగి బురదై కిందికి బయల్దేరింది. అర్మేరో చేరడానికి దానికి రెండు గంటలకు పైగా పట్టింది. పక్కనున్న ఎత్తైన నేల మీదికి నడిచివెళ్లినా సరిపోయే టైమ్ అది. దాదాపు 23 వేలమంది చనిపోయారు. బురద ప్రవాహమంటే ఏమిటో అక్కడ ఎవరూ కళ్లతో చూసి ఉండలేదు. మ్యాప్ మీద రంగు చూసి భయపడటం ఎవరికీ చేతకాలేదు.

ఆ ఘోరం చూశాక ఫ్రాన్స్‌కు చెందిన అగ్నిపర్వత శాస్త్రవేత్త మారిస్ క్రాఫ్ట్ ఒక వీడియో తయారుచేసే పనిలో పడ్డాడు. బురద ప్రవాహం, వేడి బూడిద మేఘం కొండ మీంచి ఎలా దిగుతాయో, వాటి దారిలో ఇళ్లకు, మనుషులకు ఏమవుతుందో నేరుగా చూపించే వీడియో. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో మేలుకుంది. శాస్త్రవేత్తలు అందులోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ను రోజూ కొలిచారు. మే మధ్యలో రోజుకు సుమారు 500 టన్నులు, రెండు వారాల్లో 5,000 టన్నులు దాటింది, తర్వాత ఒక్కసారిగా పడిపోయింది. తగ్గింది కదా అని వాళ్లు ఊరట పడలేదు. గ్యాస్ దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందేమోనని భయపడ్డారు. ఆ భయాన్ని అధికారులకు, గ్రామాలవారికి అంకెలతో చెప్పి ఊరుకోలేదు. క్రాఫ్ట్ వీడియో వేసి చూపించారు. చూసినవాళ్లు కదిలారు. జూన్ 15న అది పేలేలోపు వేలాదిమంది దూరంగా వెళ్లిపోయారు, కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని అంచనా. క్రాఫ్ట్‌కు ఆ సంగతి తెలిసే అవకాశం లేకపోయింది. అంతకు 12 రోజుల ముందు, జూన్ 3న, జపాన్‌లోని ఉంజెన్ అగ్నిపర్వతం దగ్గర ఆయన, భార్య కాత్యా అలాంటి వేడి మేఘాన్నే చిత్రీకరించడానికి వెళ్లి, దానిలోనే చనిపోయారు.